పట్టూ విడుపూ

పదవీ విరమణ చేసిన ఏడాదికి ఆయన చేతికి గిటార్ వచ్చింది. కొనుక్కున్నది కాదు. ఉద్యోగానికి బెంగళూరు వెళ్తూ కూతురు తన గదిలో బీరువా పక్కన వదిలేసిన వాద్యం. ఢిల్లీలోని ప్రభుత్వ క్వార్టర్ ఖాళీ చేసి ద్వారకలో అద్దె ఇంటికి మారుతున్నప్పుడు సామాను మోసే కుర్రాడు "ఇది కూడానా సాబ్?" అని అడిగాడు. ఏమీ ఆలోచించకుండానే ఆయన తల ఊపాడు. కొత్త ఇంట్లో పెట్టెలన్నీ విప్పాక, మధ్యాహ్నాలు మరీ పొడుగ్గా అనిపించసాగిన రోజుల్లో, దాని జిప్పు తీశాడు. లోపల గిటార్‌తో పాటు నాణెం అంత వెడల్పున, తిరగేసిన కన్నీటిబొట్టు ఆకారంలో ఒక ప్లాస్టిక్ బిళ్ల కనిపించింది. గిటార్ పిక్. తీగలను దానితోనే మీటాలి.

ముప్ఫై ఏళ్లకు పైగా ఆయన లోక్‌సభలో రిపోర్టరు. పత్రికల రిపోర్టరు కాదు. సభ మధ్యలో, సభాపతి స్థానానికి దిగువన ఉండే బల్ల దగ్గర కూర్చుని, సభ్యులు పలికిన ప్రతి మాటనూ షార్ట్‌హ్యాండ్‌లో ఎక్కించే అధికారిక రిపోర్టరు. ఒక్కొక్కరికి ఐదేసి నిమిషాల వంతు. వంతు పూర్తికాగానే మరొకరు వచ్చి కూర్చుంటారు, లేచినవారు లోపలికి వెళ్లి తాము రాసుకున్నదాన్ని పూర్తి పాఠంగా మారుస్తారు. ఆ ఐదు నిమిషాల్లో తల ఎత్తడానికి వీల్లేదు, ముక్కు గోక్కోవడానికి వీల్లేదు. ఎవరు ఎవరిని తిట్టినా, ఎవరు వెల్‌లోకి దూసుకొచ్చినా పెన్సిల్ ఆగకూడదు. అన్న మాటను 380వ నిబంధన కింద సభాపతి తరువాత రికార్డుల నుంచి తొలగించవచ్చు. తొలగించడానికైనా ముందు అది కాగితం మీద ఉండాలి కదా.

ఆ ఉద్యోగం ఆయనకు పింఛనుతో పాటు కుడిచేతి బొటనవేలి మొదట్లో ఒక నొప్పిని కూడా ఇచ్చింది. కీలు అరిగిందని ఎముకల వైద్యుడు ఎక్స్‌రే చూపించాడు. బొటనవేలి కొనతో ఒక కిలో బలంతో దేన్నైనా నొక్కితే, వేలి మొదట్లో ఉన్న ఆ కీలు మీద పడే భారం దాదాపు 12 కిలోలు ఉంటుందట. పెన్ను, తాళంచెవి, సీసామూత వంటివన్నీ ఆ లెక్క కిందికే వస్తాయి. "సన్నని వస్తువుల్ని చిటికెన పట్టి నొక్కడం తగ్గించండి. పట్టుకునే వస్తువు కాస్త లావుగా, వెడల్పుగా ఉండేలా చూసుకోండి" అన్నది వైద్యుడి సలహా. సరిగ్గా ఆ వయసులో, ఆ చేతితో, లోకంలోని సన్నని వస్తువుల్లో ఒకదాన్ని రెండు వేళ్ల మధ్య నొక్కిపట్టుకుని ఆయన సంగీతం నేర్చుకోవాలనుకున్నాడు.

మొదటి వారమంతా పిక్ జారిపోవడంతోనే సరిపోయింది. నాలుగు తీగలు దాటేసరికి అది వేళ్ల మధ్యలో గిర్రున తిరిగేది. ఐదో తీగకు నేలమీద పడేది. లేకపోతే గిటార్ గుండ్రటి నోట్లోంచి లోపలికి జారుకునేది. అప్పుడు వాద్యాన్ని బోర్లించి, తల మీదికెత్తి, జల్లెడలా ఊపాలి. లోపల అది టకటకమంటూ తిరిగేది గాని బయటికి వచ్చేది కాదు. వంటింట్లోంచి భార్య తొంగిచూసి, "పోనీ రేపు చూసుకోండి, కింద ఫ్లాటువాళ్లు ఏమనుకుంటారు" అనేది. జారకుండా ఉండాలని ఆయన ఇంకాస్త గట్టిగా నొక్కేవాడు. రాత్రికి బొటనవేలు వాచేది.

ఒక శనివారం దర్యాగంజ్ వెళ్లాడు. అక్కడ సితార్లు, తబలాలు, హార్మోనియంలు అమ్మే పాత దుకాణాల వరుసలో ఒకదాంట్లో, కూతురి ఈడు కుర్రాడు గాజుపెట్టె తెరిచి పిక్‌లు బల్ల మీద పోశాడు. "ఎంత మందం కావాలి అంకుల్‌జీ?" అన్నాడు. మందాలు ఉంటాయని అప్పుడే తెలిసింది. 0.6 మిల్లీమీటర్ల కంటే తక్కువైతే పల్చనివి. 0.7 నుంచి 0.85 దాకా మధ్యరకం. ఒక మిల్లీమీటరు, ఆపైన ఉంటే దళసరివి. పల్చనివి తీగ తగలగానే వంగుతాయి. పాటకు వెనక తీగలన్నీ కలిపి గీరడానికి అవి హాయి. కానీ వంగే వస్తువు వేళ్ల మధ్య కదులుతుంది, కదిలే వస్తువును చేయి తెలియకుండానే బిగిస్తుంది. దళసరి పిక్ కదలదు. అందుచేత దాన్ని తక్కువ బలంతో పట్టుకోవచ్చు. నొప్పి ఉన్న చేతికి సన్నటిదే సుఖమని అంతవరకూ ఆయన అనుకున్నాడు. లెక్క తలకిందులైంది.

మందంతో పాటు ఆకారం, ఉపరితలం కూడా చూసుకోవాలని కుర్రాడు చెప్పాడు. వేళ్లు ఆనేచోట గరుకు అచ్చు వేసినవి, నడుమ రంధ్రం ఉన్నవి, బెరడు అంటించినవి, బొటనవేలికి ఉంగరంలా తొడుక్కునేవి ఆయన ముందు పరిచాడు. అన్నిటికంటే పెద్దవి మూడు మూలలూ సమంగా ఉన్న త్రికోణాలు. ఒక మూల అరిగితే మరో మూల తిప్పుకోవచ్చు. ఒక్కొక్కటి 20, 30 రూపాయలు. ఎనిమిది రకాలు కొనుక్కుని మెట్రో ఎక్కాడు.

ఆ బిళ్లల వెనక ఎంత చరిత్ర ఉందో తరువాత చదువుకుని తెలుసుకున్నాడు. ఒకప్పుడు ప్రపంచంలో పేరుమోసిన పిక్‌లను తాబేటి చిప్పతో చేసేవారు. వేడి సముద్రాల్లో ఉండే, గద్దముక్కు వంటి ముక్కున్న తాబేలు చిప్ప అది. చేతి వేడికి కాస్త మెత్తబడి వేలికి అంటుకున్నట్టుండేదనీ, అందుకే జారేది కాదనీ పాతతరం వాద్యకారులు మెచ్చుకునేవారు. న్యూయార్క్‌లో 1922లో డి'ఆండ్రియా అనే సంస్థ సెల్యులాయిడ్ రేకుల నుంచి పిక్‌లు కత్తిరించడం మొదలుపెట్టింది. ఆ రేకులకు తాబేటి చిప్ప మచ్చల రూపమే ఇచ్చేవారు. నేటికీ గోధుమరంగు మచ్చల ప్లాస్టిక్ పిక్ దొరుకుతుంది. వస్తువు పోయినా దాని వేషం మిగిలింది. అండమాన్ తీరాల్లోనూ గుడ్లు పెట్టే ఆ తాబేలును భారత వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూలులో చేర్చింది. అంతర్జాతీయ వాణిజ్యాన్ని నిషేధించే ఒప్పందాలు అదే దశకంలో వచ్చాయి. ఒక మనిషి వేలికి హాయి కోసం ఒక జాతి అంతరించే దాకా పోవచ్చునన్న సంగతి చట్టసభల దాకా రావలసి వచ్చింది.

మన వాద్యాలు ఈ సమస్యను మరోరకంగా తేల్చుకున్నాయి. సితార్‌కు మిజ్రాబ్ అనే తీగచుట్టను చూపుడువేలికి తొడుగుతారు, పట్టుకునే శ్రమే లేదు. సరోద్‌కు కొబ్బరిచిప్పను అరగదీసి నునుపు చేసిన త్రికోణం ఉంటుంది, దాన్ని జవా అంటారు. వీణ వంటి వాద్యాలను మీటే సాధనానికి 'కోణం' అనే పేరును అమరకోశమే నమోదు చేసింది. ఆ పేరు చూసినప్పుడు ఆయన తన ఎనిమిదింటిలోంచి పెద్ద త్రికోణాన్ని తీసి మళ్లీ చేతిలో పెట్టుకున్నాడు.

అది కొంత నయమనిపించింది. అరచేతి వైపు ఎక్కువ చోటు ఆనడంతో ఒత్తిడి ఒక్క బిందువు దగ్గర పోగుపడలేదు. అయినా పావుగంటకు నొప్పి వచ్చేది. సొంతంగా ఒకటి చేసుకుందామనుకున్నాడు. గడువు తీరిన ఏటీఎం కార్డు మందం 0.76 మిల్లీమీటర్లు, అంటే సరిగ్గా మధ్యరకం పిక్. దాన్ని కత్తిరించి, ఉప్పుకాగితంతో ఒక వైపు రుద్ది గరుకు చేశాడు. బాగానే ఉంది గాని రెండు రోజుల్లో అంచు పొరలుగా విడిపోయింది. డ్రాయరులో అదే కొలత కార్డు ఇంకొకటి ఉంది. పాత చిరునామాతో ఉన్న ఓటరు గుర్తింపు కార్డు. కొత్తది చేతికి వచ్చి చాలాకాలమైంది. కత్తెర దాకా తీసుకెళ్లి మళ్లీ డ్రాయరులో పెట్టేశాడు. దేశంలో ఓటరు జాబితాల ప్రత్యేక సమగ్ర సవరణ నడుస్తున్న కాలం. ఏ పాత కాగితాన్ని ఎప్పుడు ఏ అధికారి అడుగుతాడో ఎవరు చెప్పగలరు?

అసలు సంగతి కూతురు కనిపెట్టింది. వీడియో కాల్‌లో తండ్రి వాయించడం చూసి కాసేపు ఏమీ అనలేదు. ఆ తరువాత, "నాన్నా, నువ్వు పిక్ పట్టుకోవట్లేదు, దాన్ని అరెస్టు చేస్తున్నావు" అంది.

"పడిపోతోందమ్మా మరి."

"పడనీ. ఏమవుతుంది?"

ఆ ప్రశ్నకు ఆయన దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. ఆ రాత్రి మాండలిన్ శ్రీనివాస్ పాత కచేరీ ఒకటి పెట్టుకుని కూర్చున్నాడు. శ్రీనివాస్ పుట్టిన పాలకొల్లు ఆయన సొంత ఊరికి బస్సులో గంట దూరం. పడమటి దేశపు వాద్యంలోంచి ఐదు తీగలతో గమకాలు పలికించిన ఆ మనిషి కుడిచేతిని ఇదివరకు ఆయన ఎన్నడూ గమనించలేదు. ఇప్పుడు దాన్నే చూశాడు. మోహనంగానీ కల్యాణిగానీ, ఎంత వేగం అందుకున్నా మణికట్టు సడలిపోయి ఉంది. వేళ్ల మధ్య పిక్ చివర మాత్రమే కనిపిస్తోంది. తీగ తగిలినప్పుడల్లా అది రవంత వెనక్కి ఒరిగి, మళ్లీ తన చోటికి వస్తోంది. ఒరగనిస్తున్నందుకే అది పడిపోవడం లేదు.

అప్పుడు ఆయనకు భీమవరంలోని టైపు ఇన్‌స్టిట్యూట్ గుర్తొచ్చింది. ఐజాక్ పిట్‌మన్ 1837లో ప్రకటించిన ఆ శీఘ్రలిపిలో 'ప'కూ 'బ'కూ గీత ఒకటే. సన్నగా గీస్తే 'ప', ఒత్తి గీస్తే 'బ'. 'ట'కూ 'డ'కూ, 'క'కూ 'గ'కూ అంతే. ఒత్తిడి మారితే అక్షరం మారుతుంది, అక్షరంతో అర్థం మారుతుంది. కొత్తగా చేరినవాళ్లు 'బ' రాయడానికి కాగితం చిరిగేలా ఒత్తేవారు. మాస్టారు వెనకనుంచి వచ్చి పెన్సిల్ మీద చూపుడువేలు ఆనించి, "ఒత్తకురా, ఆనించు. తేడా కంటికి తెలిస్తే చాలు, కాగితానికి తెలియక్కర్లేదు" అనేవారు. ఆ పాఠంతోనే ఆయన ఢిల్లీ దాకా వచ్చాడు. దాన్ని ఎక్కడ పోగొట్టుకున్నాడు?

సభలోనే. 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వం 269కి 270తో, ఒక్క ఓటు తేడాతో పడిపోయిన రోజున తన వంతు ఐదు నిమిషాల్లో రెండుసార్లు పెన్సిల్ ములుకు విరిగింది. ఎదురుగా వందలమంది అరుస్తున్నప్పుడు, జారిన మాట మళ్లీ దొరకదన్న భయం వేళ్లలోకి దిగింది. ఆ తరువాత సాధారణ ప్రశ్నోత్తరాల సమయంలోనూ అది పోలేదు. వచ్చిపోయిన ప్రభుత్వాలు మారాయి గాని ఆ బిగింపు మారలేదు. బొటనవేలి కీలు అరిగింది మాటల బరువుకు కాదు, మాట జారిపోతుందేమోనన్న బెంగకు.

పట్టువిడుపులు అన్న మాటను ఆయన తన ఉద్యోగకాలంలో ఎన్నిసార్లు విన్నాడో లెక్కలేదు. 1989 నుంచి 2014 దాకా ఏ ఒక్క పార్టీకీ లోక్‌సభలో సొంత మెజారిటీ రాని కాలంలో అది నాయకుల నోళ్లలో నిత్యం నలిగేది. వారికి ఆ గుణం ఉందని కాదు, అది లేకుండా పొద్దు గడిచేది కాదు. మిత్రపక్షాన్ని మరీ బిగిస్తే పోతుంది, మరీ వదిలితే జారుతుంది. తరువాతి కాలంలో ఆ మాట వినిపించడం తగ్గింది. 2023 శీతాకాల సమావేశాల్లో ఉభయసభల నుంచి 146 మంది సభ్యులు సస్పెండయ్యారని ఇంట్లో టీవీలో చూసినప్పుడు ఆయన కళ్లు అలవాటుకొద్దీ సభాపతి వైపు కాక, బల్ల దగ్గర తల వంచుకుని రాస్తున్నవారి వైపు వెళ్లాయి. పెద్ద సంఖ్యాబలం ఉన్నవాళ్లూ సభను అంత గట్టిగా ఎందుకు పట్టుకుంటారన్నది రాజకీయ విశ్లేషకులు తేల్చవలసిన ప్రశ్న. ఆయనకు తెలిసింది ఒక్క చేతి సంగతి. భయం ఉన్న చేయి, ఎంత బలంగా ఉన్నా, బిగుస్తుంది. బిగిసిన చేతిలో తీగ పలకదు, కొట్టుకుంటుంది.

ఇప్పుడు ఆయన వాడుతున్నది దర్యాగంజ్‌లో కొన్న ఆ పెద్ద త్రికోణమే. మందం ఒక మిల్లీమీటరు. వేళ్లు ఆనేచోట రెండు వైపులా ఉప్పుకాగితంతో రుద్దుకున్నాడు. చూపుడువేలిని మడిచి, దాని పక్క మీద పిక్‌ను పడుకోబెట్టి, పైన బొటనవేలిని ఆనిస్తాడు. ఆనిస్తాడంతే. తీగ వైపు చివర రవ్వంత మాత్రమే బయటికి ఉంచుతాడు. సాధన మొదలుపెట్టే ముందు కుర్చీ పక్కన పిక్‌ను కావాలనే రెండుసార్లు కింద పడేసి, తీసుకుంటాడు. భార్యకు ఇది వింతగా ఉంటుంది. పావుగంట కాస్తా నలభై నిమిషాలైంది. నొప్పి పూర్తిగా పోలేదు, పోదని వైద్యుడు ముందే చెప్పాడు.

మొన్న ఒక పాట మధ్యలో పిక్ మళ్లీ గిటార్ లోపలికి జారింది. ఆయన బోర్లించి ఊపలేదు. అది లోపలే ఉండగా, మిగిలిన పాటను ఒట్టి బొటనవేలి కండతో మీటి పూర్తిచేశాడు. శబ్దం మెత్తగా, కాస్త మూగగా వచ్చింది. తరువాత నిదానంగా వాద్యాన్ని వంచితే, బిళ్ల దానంతటదే ఒళ్లోకి వచ్చి పడింది.