ఉప్పలు నాచారముల దారిలో

హైదరాబాదు నగరమునకు తూర్పున ఉప్పలు, నాచారము అను రెండు పేటలు కలవు. గోలకొండవలెనో, చార్మినారువలెనో యాత్రికుల నాకర్షించు కట్టడము లిచ్చట లేవు. క్రికెట్టు పందెములు చూడవచ్చువారును, వరంగల్లు, యాదగిరిగుట్టల బస్సులకొరకు వచ్చువారును దక్క, వేడుకకై ఈ దిక్కునకు వచ్చువా రరుదు. అయినను మేమొక దినమెల్ల ఈ దారిని తిరిగితిమి. ఏలయన, ఒక్కమారు వాడి విడిచిపెట్టు ప్రభుత్వపు పెద్ద రాకెట్టు మేలా, తిరిగివచ్చి మరల నెగురు ప్రైవేటు రాకెట్టు మేలా యని ఇప్పుడు ఇంటింట పిల్లలు ప్రశ్నించుచున్నారు. ఈ పేటలలో కంటబడు వస్తువులే దానికి కొంత సమాధానము చెప్పగలవని మాకు తోచినది.

సికింద్రాబాదున మెట్రో రైలెక్కి తార్నాక దాటగానే హబ్సిగూడ వచ్చును. 2017వ సంవత్సరము నవంబరునుండి నడచుచున్న ఈ రైలు ఎత్తైన స్తంభములమీద పోవునది గాన, గోడలచాటున నున్న తోటలును భవనములును కిటికీనుండి చక్కగా కానవచ్చును. హబ్సిగూడకు తరువాతి స్టేషను పేరు ఎన్.జి.ఆర్.ఐ. అది 1961లో నెలకొన్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ పేరు. భూగర్భమునందలి నీటిజాడలను, ఖనిజములను, భూకంపముల తీరును అచ్చట శోధింతురు. దానికి చేరువనే జీవకణముల రహస్యములను వెదకు సి.సి.యం.బి. కలదు. ఒకటి భూమి లోతును, ఒకటి ప్రాణి లోతును చూచునవి. ఆకాశముతో వీని కేమి పని యని అడుగవచ్చును. పని కలదు.

ఇచ్చటికి ఉత్తరముగా ఇ.సి.ఐ.ఎల్. పేటవద్ద టాటా మౌలిక పరిశోధన సంస్థవారి బెలూను కేంద్రమున్నది. 2005 ఏప్రిలులో అచ్చటినుండి ఎగురవేసిన యొక పెద్ద బెలూను 459 కిలోగ్రాముల సామగ్రిని మోసికొని పోయెను. అందు, సూక్ష్మజీవు లేవియు లేకుండ శుద్ధిచేసి, లోని గాలిని తోడివేసిన ఉక్కు గొట్టములు 16 ఉండెను. 20 మొదలు 41 కిలోమీటర్ల ఎత్తువఱకు గల గాలిని వానిలో పట్టి, ప్యారాచూటు సాయమున నేలకు దింపిరి. ఆ గాలిని సి.సి.యం.బి.లోను, పుణెలోని మఱియొక ప్రయోగశాలలోను పరీక్షింపగా, అంతకు మునుపెవ్వరు నెఱుగని 3 జాతుల బాక్టీరియములు బయటపడినవని 2009లో ఇస్రో ప్రకటించెను. వానిలో నొకదానికి ఆర్యభటుని పేరు పెట్టిరి. ఇందు గమనింపదగిన దొకటి కలదు. సామగ్రి తిరిగివచ్చినది, ఇట్టి బెలూనుల పొర మాత్రము మరల పనికిరాదు. విలువగలదానిని దింపుకొని, చవుకదానిని వదలుకొనిరి. రాకెట్ల వివాదమంతయు ఇదియే గదా: దేనిని దింపుకొనవలెను? దేనిని వదలుకొనవలెను?

ఈ లెక్క గృహిణులకు క్రొత్తగాదు. పెండ్లికి వేయిమంది వచ్చినపుడు విస్తళ్ళు వేయుదుము. నిత్యము తినుటకు కంచములు వాడుదుము. ప్రతిదినము విస్తళ్ళు కొనుట దండుగ. ఒక్కపూట పెండ్లికి వేయి కంచములు కొని, తోమించి, దాచుట అంతకన్న దండుగ.

మన ప్రభుత్వపు పెద్ద రాకెట్టగు ఎల్.వి.ఎం.3 విస్తరివంటిది. దాని యెత్తు 43.5 మీటర్లు, బరువు 640 టన్నులు. 2023 జూలై 14వ తేదీన చంద్రయాన్-3ను పైకి చేర్చినది అదియే. పని తీరగానే దాని ప్రక్కమోటారులు సముద్రమున పడిపోవును. ఏ భాగమును మరల వాడుకకు రాదు. ఏటికి ఒకటి రెండుమారులు, ఒక్కొక్క యేడు అదియు లేక, ఎగురు వాహనమున కది తప్పుగాదు.

అమెరికాలోని స్పేసెక్స్ అను ప్రైవేటు సంస్థవారి ఫాల్కన్-9 కంచమువంటిది. 2015 డిసెంబరులో దాని క్రింది అంతస్తు, ఉపగ్రహములను పై అంతస్తునకు అప్పగించి, తాను తిరిగివచ్చి నేలపై నిలువుగా దిగెను. 2017 మార్చిలో, ఒకమారు ఎగిరివచ్చిన అంతస్తే మరల ఎగిరెను. 30 మారులకు మించి ఎగిరినవియు నేడు కలవు. తొమ్మిది ఇంజనులుగల ఆ క్రింది అంతస్తే వెలలో పెద్దభాగము. పై అంతస్తును ప్రతిసారియు వదలుకొందురు. తిరుగుప్రయాణమునకై కొంత ఇంధనము మిగుల్చుకొనవలసియుండుటచే ఆ మేరకు బరువు తక్కువ మోయును. మాటిమాటికి ఎగిరి ఆ నష్టమును పూడ్చుకొనును. ఆ సంస్థకు అధ్యక్షురాలు గ్విన్ షాట్‌వెల్ అను మహిళ యని మన సోదరీమణులు గుర్తింపదగును.

2024 నవంబరులో మన జీశాట్-20 ఉపగ్రహము ఆ వాహనముమీదనే అమెరికానుండి పైకి పోయెను. దాని బరువు 4,700 కిలోగ్రాములు, ఎల్.వి.ఎం.3 ఆ మార్గమున మోయగలది 4 టన్నులని నిర్ణయము. కావున పరుల బండిని అద్దెకు తీసికొనవలసి వచ్చినది. మఱుసటి యేట నవంబరు 2వ తేదీన, మన ఎల్.వి.ఎం.3యే 4,410 కిలోగ్రాముల ఉపగ్రహమును శ్రీహరికోటనుండి మోసికొనిపోయెను.

అంతమాత్రమున ప్రైవేటువారు పొదుపరులనియు, ప్రభుత్వమువారు దుబారా చేయువారనియు తేల్చుట సరిగాదు. తిరిగివచ్చు వాహనమును మొదట నడపినది అమెరికా ప్రభుత్వమే. స్పేస్ షటిల్ అను ఆ నౌకలు 1981 మొదలు 2011 వఱకు 135 మారులు ఎగిరినవి. మన కల్పనాచావ్లాను 2003 ఫిబ్రవరి 1వ తేదీన బలిగొన్న కొలంబియా వానిలో నొకటి. అవి తిరిగివచ్చినను, ప్రతి యాత్ర పిదపను నెలలతరబడి మరమ్మతులు కావలసివచ్చెను. తోమించుకూలి వంటఖర్చును మించిన ట్లయినది. ఆ ప్రభుత్వమువారే 2022 నవంబరులో ఎస్.ఎల్.ఎస్. అను మహావాహనమును చంద్రుని దిక్కునకు పంపిరి. మొదటి యాత్రలకు ఒక్కొక్కదానికి 410 కోట్ల డాలర్లు కాగలదని వారి తనిఖీ అధికారియే లెక్కకట్టెను. అంతకన్న వింత యేమన, దాని నాలుగు ఇంజనులును మునుపు షటిల్ నౌకలలో ఎగిరి, భద్రముగా తిరిగివచ్చినవి. ఈసారి వానిని సముద్రముపాలు చేసిరి. వెండికంచమును విస్తరితో పాటు బయట పాఱవేసిన ట్లాయెను!

ప్రైవేటు పక్షమున మన తెలుగింటి ఆడపడుచు ముచ్చటయు నొకటి కలదు. గుంటూరు సీమలో పుట్టి అమెరికాలో పెరిగిన బండ్ల శిరీష 2021 జూలై 11వ తేదీన వర్జిన్ గెలాక్టిక్ సంస్థవారి యూనిటీ నౌకలో సుమారు 86 కిలోమీటర్ల ఎత్తునకు పోయి, విమానమువలె నేలకు దిగివచ్చెను. 2024 జూనులో ఆ నౌకకు విశ్రాంతి యిచ్చిరి. కంచమునకును ఆయుర్దాయము కలదు గదా.

ఉప్పలు స్టేషనున దిగి, కూడలిమీద నాలుగు దారులను కలుపు ఆకాశవంతెనను దాటి, ఆటోరిక్షాలో నాచారమునకు మరలితిమి. దారికిరుప్రక్కల కర్మాగారముల గోడలు. కొన్నియెడల మందుల వాసన, కొన్నియెడల కాగిన ఇనుము వాసన. సందులలో రేకుల షెడ్లు; వానిలో లేతుయంత్రములు తిరుగుచుండగా, ఉక్కుపొట్టు జిలేబీ చుట్టలవలె రాలుచుండును. వెండ్రుకవాసి తేడా వచ్చినను పనికిరాని భాగములను కొలిచి కొలిచి కోయు పనివాండ్ర చేతులు చూచి మే మచ్చెరువొందితిమి. ఆపైన మల్లాపురము మీదుగా పోయిన, 1971లో నెలకొన్న అణుఇంధన సముదాయము వచ్చును. అణువిద్యుత్తునకు కావలసిన సరుకేగాక, అంతరిక్షమునకు వలయు ప్రత్యేకలోహపు గొట్టములను గూడ అచ్చట చేయుదురు. దానికి సమీపముననే ఇ.సి.ఐ.ఎల్. కలదు. 2008లో చంద్రయాన్-1 మాటలను ఆలకించుటకై బెంగుళూరు చేరువ బ్యాలాళునందు నిలిపిన 32 మీటర్ల వెడల్పుగల మహాఛత్రమును నిర్మించినది ఈ సంస్థయే.

ఇచ్చట నిలిచి ఆలోచించినపుడు మా కొక సందేహము పొడమెను. తిరిగివచ్చు రాకెట్టు మంచిదే. కాని ఒక్క రాకెట్టు ముప్పదిమారులు ఎగిరిన, ముప్పది రాకెట్ల గొట్టములు, మరలు, కవాటములు చేయు పని ఒక్కదానికి దిగును గదా! ఆ పని మీద బ్రదుకు ఇండ్లలో పొయ్యి యెట్లు వెలుగును? ఆ యిండ్ల ఇల్లాండ్రకు ఇది ఆకాశపు ముచ్చట గాదు, నెలజీతపు ముచ్చట. దీనికి మాకు తోచిన సమాధాన మొక్కటియే. యాత్రలు ముప్పదింతలు పెరిగిననే తిరిగివచ్చు రాకెట్టు దేశమునకు లాభము. అపుడు క్రొత్తవి చేయు పని తగ్గినను, దిగివచ్చినవానిని విప్పి, పరీక్షించి, బాగుచేయు పని పెరుగును. అందుచే ఈ పేటల యువకులకును యువతులకును ఆ పరీక్షావిద్యను ముందుగానే నేర్పవలెను. యాత్రలు పెంచక, పొదుపుమాత్రమే కోరినచో నష్టపోవువారు మొదట వీరే.

ఇంక ప్రైవేటన్నంతనే తిరిగివచ్చునదియు, ప్రభుత్వమన్నంతనే పాఱవేయునదియు ననుకొనుటయు పొరపాటు. ఇస్రోలో పనిచేసిన ఇరువురు యువకులు 2018లో ఈ హైదరాబాదుననే స్కైరూట్ అను సంస్థను స్థాపించిరి. వారి విక్రమ్-ఎస్ 2022 నవంబరు 18వ తేదీన 89.5 కిలోమీటర్ల ఎత్తునకు ఎగిరెను. మన దేశమున ప్రైవేటువారు చేసి ఎగురవేసిన తొలి రాకెట్టదియే. అది 6 మీటర్ల పొడవు, 545 కిలోగ్రాముల బరువు గలది. పని తీరగానే బంగాళాఖాతమున పడినది. అనగా ప్రైవేటుదైనను విస్తరియే. అది లేచినది శ్రీహరికోటలోని ప్రభుత్వపు నేలనుండియే. 2025 ఆగస్టులో వారి పెద్ద రాకెట్టగు విక్రమ్-1 క్రింది అంతస్తును మండించి పరీక్షించినదియు అచ్చటనే. ప్రభుత్వము అరువదియేండ్లు ప్రజల పన్నుతో పెంచిన తోటలో ఇప్పుడు ప్రైవేటువారు మొక్కలు నాటుచున్నారు. ఇది నింద గాదు. తోట యున్నందులకు ఫలమే యిది.

రెండవప్రక్క ఇస్రోవారు తిరిగివచ్చు చిన్ననౌక నొకదానిని చేసి పుష్పక్ అని పేరుపెట్టిరి. చిత్రదుర్గము చేరువ 2023 ఏప్రిలు 2వ తేదీన హెలికాప్టరు దానిని నాలుగున్నర కిలోమీటర్ల ఎత్తునుండి విడువగా, నడపువారు లేకయే అది నేలకు దిగెను. 2024లో మఱి రెండుమారులు దిగెను. శ్రీరాముడు అయోధ్య చేరిన పిదప పుష్పకమును కుబేరునికడకు తిరిగి పంపినకథ మన యిండ్లలో అందఱెఱిగినదే. తిరిగివచ్చు వాహనమన్న భావము మనకు పాతదే. 2024 సెప్టెంబరులో కేంద్రప్రభుత్వము 8,240 కోట్ల రూపాయలతో మఱియొక మహావాహనమునకు అనుమతి యిచ్చెను. 30 టన్నులను భూమికి దగ్గఱి కక్ష్యకు మోయవలెనని, దాని క్రింది అంతస్తు తిరిగిరావలెనని సంకల్పము.

కావున పిల్లలడుగు ప్రశ్నను కొంచెము మార్చుకొనవలెను. ఎవరి రాకెట్టు మేలని గాక, ఏటికి ఎన్నిమారులు ఎగురవలసియున్నది, దిగివచ్చినదానిని బాగుచేయుటకు ఎంత యగును, మన సొమ్ముతో నేర్చిన విద్య ఎవరి చేతిలో ఎవరికి మేలు చేయుచున్నది అని అడుగవలెను. చంద్రునికడకు ఏండ్లకొకమారు పోవు భారీయాత్రకు ప్రభుత్వపు విస్తరి చాలును. వారమువారము ఉపగ్రహములు పంపదలచినచో కంచము లేక గడవదు. దానిని ప్రభుత్వము చేసినను, ప్రైవేటువారు చేసినను, తోమించు లెక్క తప్పదు.

సెప్టెంబరు 26వ తేది సి.ఎస్.ఐ.ఆర్. స్థాపనదినము. ఆ రోజులలో ఈ దారిలోని ప్రయోగశాలలు విద్యార్థులకు తలుపులు తెరచుట వాడుక. పిల్లలున్న తల్లులు వీలుచూచుకొని వారిని తోడ్కొని పొండు. వచ్చునపుడు నాచారము సందులలోని లేతుయంత్రముల షెడ్డు నొకదానిని గూడ చూపుడు. ఆకాశమునకు పోవు దారి అచ్చటినుండియే మొదలగునని వారికి తెలియవలెను.