మా మొరం గుంత

ఈ సంచికకు ఏమైనా రాసిమ్మని యూనియన్ మిత్రులు అడిగినప్పుడు, సెమినారులో నేను చదివిన వ్యాసాన్నే సాపు చేసి ఇచ్చేద్దామనుకున్నాను. ‘పరిశ్రమలు - చక్రీయ ఆర్థిక వ్యవస్థ’ అన్నది దాని పేరు. ఒక మిల్లుకు పనికిరానిది ఇంకో మిల్లుకు ముడిసరుకు కావాలనీ, పారబోసేది అంటూ ఏదీ మిగలకూడదనీ పదిహేను నిమిషాలు చదివాను. డెన్మార్కులో కలుండ్‌బోర్గ్ అనే ఊరి గురించే ఒక పేజీ రాశాను. చప్పట్లు కూడా కొట్టారు. మొన్న సాపు చేద్దామని తీసి చూసుకుంటే నాకే సిగ్గనిపించింది. ఆ వ్యాసం రాసేనాటికి మా చెల్క మూలన ఒక గుంత రైసుమిల్లు బూడిదతో నిండుతున్నది. ఆ గుంత మాదే. బూడిద పోసుకోనిచ్చింది మా బాపే. ఆ సంగతి వ్యాసంలో ఒక్క ముక్క లేదు. అందుకని ఇప్పుడు గుంత సంగతే రాస్తున్నాను.

మాది సుల్తానాబాద్ వైపు ఒక పల్లె. పెద్దపల్లి నుంచి కరీంనగర్ బస్సులో వచ్చేవాళ్ళకు మా వైపు రైసుమిల్లుల పొగగొట్టాలు కిటికీలోంచి కనబడే ఉంటాయి. శ్రీరాంసాగర్ కాకతీయ కాలువ నీళ్ళు వచ్చినంక వరి పెరిగింది, వరి వెనకాలే మిల్లులూ పెరిగాయి. అంతకుముందు ఊరికి ఒక్క గిర్ని ఉండేదట. బాపమ్మ చెప్తుంది. రెండు బస్తాల వడ్లు బండిమీద వేసుకుపోతే బియ్యం, నూకలు, తవుడు, ఊక అన్నీ మళ్ళీ అదే బండిలో ఇంటికి వచ్చేవి. నూకలు కోళ్ళకూ గట్కకూ. తవుడు బర్రె కుడితిలోకి. ఊక కొంత పొయ్యిలోకి, కొంత గోడకు పూసే మన్నులోకి. పొయ్యిల బూడిదతో గిన్నెలు తోమేది, పెసర్లకు పురుగు పట్టకుండా కలిపి కుండలో పోసేది. మిగిలింది పెంటకుప్పలోకి, అక్కణ్ణుంచి పొలానికి.

ఇట్లాంటివి చెప్పి ‘మన పూర్వీకులకు అన్నీ తెలుసు’ అని ముగించే వ్యాసాలు నాకు నచ్చవు. మా బాపమ్మ ఏ సిద్ధాంతం కోసమూ తవుడు దాచలేదు. పారేసేంత ఎక్కువ ఆమె ఇంట్లో ఏదీ లేదు, అంతే. కానీ ఒక్క మాట మాత్రం నిజం. బస్తాలోంచి వచ్చిందంతా మనదేనని ఆమెకు తెలుసు. మంచిదీ మనదే, చెత్తా మనదే.

ఇప్పుడు వడ్లు కొనుగోలు కేంద్రానికి పోతాయి. తేమ చూసి, తూకం వేసి, లారీ ఎక్కించిన తర్వాత వాటితో మాకు సంబంధం ఉండదు. మిల్లువాళ్ళు క్వింటాలు వడ్లకు 67 కిలోల పచ్చిబియ్యం, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు సర్కారుకు లెక్క అప్పజెప్పాలి. తవుడు, ఊక మిల్లుకే. మా యాసంగి వడ్లు ఎక్కువగా ఉప్పుడు బియ్యానికే పనికొస్తాయి. కోతల వేళకు ఎండలు ముదిరి గింజలో పగుళ్ళు వస్తాయి, పచ్చిగా ఆడిస్తే నూకలవుతాయి. నానబెట్టి ఆవిరి పట్టి ఎండబెడితే గింజ గట్టిపడుతుంది. ఆ ఆవిరికి బాయిలరు కావాలి. బాయిలరులో వేసేది ఊకే.

మీరు గమనించండి, ఇందులో తప్పుపట్టడానికి ఏమీ లేదు. బొగ్గు కొనకుండా తన ఊకతోనే తన ఆవిరి పుట్టించుకుంటున్నది మిల్లు. మిగిలిన ఊక ఇటుక బట్టీలకు అమ్ముతుంది. తవుడు నూనె ఫ్యాక్టరీకి పోతుంది. తవుడులో లైపేజ్ అనే ఎంజైము ఉంది. వడ్లు ఆడిన గంటలనుంచే అది నూనెను విడగొట్టి పాడుచేయడం మొదలుపెడుతుంది. ఉప్పుడు బియ్యపు తవుడులో ఆవిరి వేడికి ఆ ఎంజైము అణిగిపోతుంది కనుక ఆ తవుడుకు గిరాకీ. హెక్సేనుతో నూనె లాగేసి, ఆ హెక్సేనును ఆవిరి చేసి పట్టుకుని మళ్ళీ వాడతారు. నూనె తీసిన తవుడు పశువుల దాణాలో, చేపల దాణాలో కలుస్తుంది. ఆ దాణా బస్తాను మా అమ్మ పెద్దపల్లిలో కొనుక్కొస్తుంది. ఒకప్పుడు బండిలో ఊరికే ఇంటికొచ్చిన తవుడే ఇది. చక్రం తిరుగుతూనే ఉంది, కాకపోతే మా ఇంటి ముందుకు వచ్చేసరికి పైసలు అడుగుతున్నది.

ఇంత తెలివిగా తిరిగే చక్రం బూడిద దగ్గర మాత్రం ఆగిపోయింది.

మా గుంత ఎట్లా పడిందంటే, ఊరి రోడ్డు వేసినప్పుడు మా చెల్క మూలన మొరం తవ్వుకుపోయారు. అక్కడ ఏమీ పండదు. వానాకాలం నీళ్ళు నిలిచి దోమలు. రెండేండ్ల కింద ఒక ట్రాక్టరు డ్రైవరు వచ్చి, మిల్లు బూడిద పోసుకుంటామన్నాడు. ట్రిప్పుకు 200 రూపాయలు. గుంత పూడుతుంది, పైసలూ వస్తాయి. బాపు సరేనన్నాడు. ఆయన జాగాలో నేనున్నా సరేననేదాన్ని.

వానాకాలం ఏమీ తెలియలేదు. ఎండాకాలం గాలిదుమారం మొదలైనంక తెలిసింది. ఊక బూడిద చాలా తేలిక, గడ్డకట్టదు. పక్కనే మా చిన్నబాపు మిరపతోట. ఆకులమీద నల్లగా పొర. ఆరబెట్టిన మిరపకాయలమీద నలుసు. చిన్నమ్మ కొంగు ముక్కుకు కట్టుకుని కాయ ఏరేది. ఒకనాడు చిన్నబాపు మా వాకిట్లోకి వచ్చి నిలబడి, “అన్నా, నీ పైసలు నీకు, నీ బూడిద నాకా?” అన్నాడు. బాపు ఏమీ అనలేదు. ఆ తర్వాత బతుకమ్మ పండుగకు కూడా వాళ్ళు మా ఇంటికి రాలేదు.

సెలవులకు పోయినప్పుడు నేను ఊరుకోలేదు. సెమినారు వేడి ఇంకా దిగలేదు కదా. గాలిలో సన్నటి సిలికా, ఊపిరితిత్తులు, భూమి, నీళ్ళు అంటూ బాపుకు అన్నీ చెప్పాను. ఆయన బీడీ ఆర్పి నెమ్మదిగా అన్నాడు: “సదువుకున్నదానివి, నువ్వు చెప్పేది నిజమే కావచ్చు బిడ్డా. నీ హాస్టలు పైసలు రెండు కిస్తులు ఆ గుంతల్నుంచే కట్టిన.”

ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

తిరిగి వచ్చేటప్పుడు ఒక సంచిలో ఆ బూడిద తెచ్చుకున్నాను. బస్సులో కండక్టరు ఏందది అని అడిగితే బూడిద అన్నాను. ఆయన ఏమనుకున్నాడోగాని టికెట్ అడగలేదు. మా కెమిస్ట్రీ సారు దయతో సాయంత్రాలు ల్యాబులో పని చేసుకున్నాను. మఫిల్ ఫర్నేసులో పెడితే నల్ల బూడిద తెల్లబడింది, బరువు తగ్గింది. తగ్గిన బరువు బాయిలరులో సగం కాలి మిగిలిన బొగ్గుదే. తెల్లపొడిని కాస్టిక్ సోడాలో మరిగించి, వడగట్టి, ఆ నీళ్ళలో ఆమ్లం చుక్కచుక్కగా వేస్తే గంజిలా చిక్కబడింది. సిలికా జెల్. బాగా కాలిన ఊక బూడిదలో నూటికి 85 నుంచి 90 పాళ్ళు సిలికానే అని పుస్తకంలో చదవడం వేరు, మా మొరం గుంత గాజు బీకరులో తళతళలాడటం వేరు.

“దీనికి గిరాకీ లేదని ఎవరన్నారు?” అన్నారు సారు. సుమారు 700 డిగ్రీల లోపల సరిగా కాలిస్తే ఈ సిలికా స్ఫటికం కట్టదు, సున్నంతో కలిసి గట్టిపడుతుంది, సిమెంటులో కొంత భాగానికి బదులు వాడవచ్చు. 1970లలోనే కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పి. కె. మెహతా అనే మనదేశపు ఆచార్యుడు దీనిమీద పనిచేశారు. ఉక్కు కర్మాగారాల్లో కరిగిన లోహం చల్లారకుండా పైన చల్లేది కూడా ఈ బూడిదే. వేడి మరీ ఎక్కువైతే మాత్రం క్రిస్టోబలైటు అనే స్ఫటికమవుతుంది, అది పీల్చితే ఊపిరితిత్తులకు చేటు. అంటే బాయిలరు ఎట్లా మండిందన్నదాన్నిబట్టే అది సరుకా, రోగమా అన్నది. “అయితే కొనేవాడికి ప్రతి లారీలోనూ ఒకే రకం బూడిద కావాలి. ఒకరోజు నలుపు, ఒకరోజు తెలుపు అంటే తీసుకోడు. అది మీ మిల్లువాళ్ళను అడుగు” అన్నారు.

అడిగాను. తమ్ముణ్ణి వెంట తీసుకుపోయి సేటును కలిశాను. ఆయన చెడ్డవాడేమీ కాదు, కూర్చోబెట్టి చాయ్ ఇప్పించాడు. నేను చెప్పిందంతా విన్నాడు. “బిడ్డా, తవుడుకు పైసలొస్తయి, అమ్ముతున్న. ఊకకు పైసలొస్తయి, అమ్ముతున్న. బూడిదకు పైసలొస్తే నేనెందుకు పారబోస్త? నువ్వన్నట్టు చెయ్యాలంటే మంట సరిగ్గుండాలె, తడవకుండ గోదాం కట్టాలె, బస్తాలు నింపాలె, పరీక్ష చేయించాలె. నా ఒక్క మిల్లు బూడిదకోసం లారీ ఎవడు పంపుతడు?”

పది మిల్లులు కలిసి ఒకే గోదాం పెడితే లారీ వస్తుంది గదా అన్నాను. ఆయన నవ్వాడు. “ఇప్పుడు నాకు ఇబ్బందేముంది? మీ బాపు గుంతుంది గదా.”

ఆ మాట నన్ను వదల్లేదు. హాస్టలుకొచ్చి లెక్క వేశాను. రోజుకు 100 టన్నుల వడ్లు ఆడే మిల్లు అనుకుందాం. అందులో అయిదో వంతు ఊక, 20 టన్నులు. అంతా కాలిస్తే మళ్ళీ అయిదో వంతు బూడిద, 4 టన్నులు. ట్రాక్టరుకు రెండు మూడు ట్రిప్పులు. మాకిచ్చేది దాదాపు 500 రూపాయలు. 100 టన్నులంటే వెయ్యి క్వింటాళ్ళు. ట్రాక్టరు కిరాయి విడిచిపెడితే, క్వింటాలు వడ్లకు బూడిద పారబోసే ఖర్చు అర్ధరూపాయి! 2025-26లో ఏ గ్రేడు వడ్ల మద్దతు ధర 2,389 రూపాయలు. అందులో అర్ధరూపాయికి బూడిద బాధ వదిలిపోతుంటే గోదాం కట్టే సేటు ఎక్కడుంటాడు? ఆయనకు జ్ఞానం లేక కాదు. పారబోత చవక కనుక. ఆ ధర కట్టింది ఎవరో కాదు, మేమే. ఆ ధరలో చిన్నబాపు మిరపకాయలు లేవు, చిన్నమ్మ దగ్గు లేదు.

నా రూమ్‌మేట్‌ది కాగజ్‌నగర్. వాళ్ళ నాన్న సిర్పూర్ పేపరు మిల్లు కార్మికుడు. 2014లో మిల్లు మూతపడి 2018లో మళ్ళీ తెరిచేదాకా ఆ ఇల్లు పడ్డ పాట్లు వేరే కథ. గుజ్జు వండిన నల్లని ద్రావణాన్ని చిక్కబరచి కాలుస్తారనీ, ఆ మంటతో ఆవిరి పుట్టించుకుని, మిగిలిన ఉప్పులకు సున్నం పట్టించి మళ్ళీ కాస్టిక్ సోడా తీస్తారనీ ఆమె చెప్పింది. ఎందుకంత శ్రమ అంటే, “సోడా కొనాలంటే మిల్లు మునుగుతది” అంది. కలుండ్‌బోర్గ్ కథా అంతే. 1972లో అక్కడి చమురు శుద్ధి కర్మాగారంలో వృథాగా మండిపోయే గ్యాసును పక్కనే జిప్సం పలకలు చేసే కంపెనీ కొనుక్కున్నది. ప్రేమతో కాదు, బేరం కుదిరి. ఈ ముక్క నా సెమినారు పేజీలో లేదు.

బేరం కుదరనిచోట ఏమవుతుందో చూడటానికి డెన్మార్కు పోనక్కరలేదు. మా ఊరినుంచి రామగుండం గంటన్నర. 1983లో అక్కడి ఎన్టీపీసీ మొదటి యూనిట్ నడిచింది. ఇప్పుడు పాత స్టేషనే 2,600 మెగావాట్లు. మన బొగ్గులో నూటికి 30, 40 పాళ్ళు బూడిదే. 1999లో కేంద్రం ఉత్తర్వు తెచ్చి, థర్మల్ కేంద్రాల బూడిదను ఇటుకలకూ సిమెంటుకూ వాడి తీరాలంది. 2021 డిసెంబరు 31 నాటి ఉత్తర్వు ఇంకా గట్టిది, వాడకుండా మిగిల్చిన టన్నుకు 1,000 రూపాయలు కట్టాలన్నది. ఇవాళ మా వైపు కొత్త ఇండ్లకు బూడిద ఇటుకలే ఎక్కువ. ఉత్తర్వుతో అంతా శుభ్రమైందని నేననను, టార్పాలిన్ సరిగా కప్పని బూడిద లారీ ఏదైనా సరే, దాని వెనక మోటారు సైకిలుమీద పోయినవాళ్ళను అడగండి. కానీ పారబోతకు ఒక ధర పడ్డది. అదే ధర మా మిల్లుకు వేసి చూస్తే రోజుకు 4,000, క్వింటాలుకు నాలుగు రూపాయలు. అప్పుడు పది మంది సేట్లు ఒక గోదాం దగ్గర కూర్చుంటారని నా నమ్మకం. ఊక బూడిదకు ఆ లెక్క అడిగినవాణ్ణి మా ఊళ్ళో నేనింకా చూడలేదు.

దసరాకు ఇంటికి పోయాను. గుంత నిండిపోయింది. బాపు పైన రెండు ట్రిప్పుల మన్ను పోయించి, గాలికి లేవకుండా తుమ్మకంప పరిచాడు. చిన్నబాపు అటువైపునుంచి చూస్తూ నిలబడ్డాడుగాని మాట్లాడలేదు. మధ్యాహ్నం ట్రాక్టరు డ్రైవరు వచ్చాడు. గుంత పక్కన బీడుపడ్డ అరెకరం ఉంది, అందులో పోసుకుంటాం, ఈసారి ట్రిప్పుకు 300 అన్నాడు.

నా ఆఖరు సంవత్సరం ఫీజు ఇంకా కట్టలేదు. ఆ సంగతి బాపుకూ తెలుసు, నాకూ తెలుసు. నేను దర్వాజ దగ్గర నిలబడి ఉన్నాను. బాపు నావైపు చూడలేదు. తువ్వాల దులిపి భుజంమీద వేసుకుని డ్రైవరుతో అన్నాడు:

“మా బిడ్డనడిగి చెప్త.”