గుండెపోటు అని రాసేముందు

2019 నవంబరులో ఏలూరు పోలీసులు వెల్లంకి సింహాద్రి అలియాస్ శివను అరెస్టు చేశాక, ఓపీకి వచ్చినవాళ్లంతా నన్నడిగింది ఒకటే: "చిన్నప్పుడు ఎలా పెంచారో వాణ్ణి, డాక్టరు గారూ?" వాచ్‌మన్‌గా పనిచేసి, రియల్ ఎస్టేట్‌లో దెబ్బతిన్న మనిషి. గుప్తనిధులనీ, బియ్యాన్ని లాగే మహిమగల ‘రైస్ పుల్లింగ్’ నాణెమనీ నమ్మించి, ప్రసాదంలో సైనైడ్ కలిపి పెట్టి, 2018 ఫిబ్రవరి మొదలు 20 నెలల్లో ఉభయ గోదావరి, కృష్ణా జిల్లాల్లో 10 మందిని చంపాడన్నది పోలీసుల అభియోగం. పోయినవాళ్లలో అతని సొంత బంధువులూ ఉన్నారు.

పెంపకం గురించి అడగడంలో తప్పులేదు. తన్నులు తిని పెరిగిన పిల్లలు పెద్దయ్యాక తాగుడుకో దిగులుకో చిక్కడం చూస్తూనే ఉంటాను. కానీ తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో మూటలు మోసే ఒకతను వస్తుంటాడు, ముంజేతి నిండా తండ్రి బీడీతో కాల్చిన మచ్చలు. కూతురికి జ్వరమొస్తే మందు చేదేమోనని ముందు తను నాకి చూస్తాడు. అలాంటి బాల్యం గడిపినవాళ్లలో చాలామంది చీమకైనా హాని తలపెట్టరు.

నన్ను వేధించే ప్రశ్న వేరు. పదిమంది పోయేదాకా ఎవరికీ అనుమానం ఎందుకు రాలేదు? వంటిమీద గాయం లేదు, గుండెపోటనుకున్నారు, కర్మకాండ జరిపించేశారు. చివరికి ఒక పీఈటీ (వ్యాయామ ఉపాధ్యాయుడు) డబ్బు, బంగారంతో ఇంట్లోంచి బయల్దేరి శవమై దొరికితే, ఆ సొత్తు కనబడకపోవడం వల్లే తీగ కదిలింది. బంగారం పోయిందని అనుమానించాం. ప్రాణాలు పోయినప్పుడు అనుమానించలేదు.

సైనైడ్ లోపలికి వెళితే రక్తంలో ఆక్సిజన్ ఉన్నా కణాలు దాన్ని వాడుకోలేవు. నిమిషాల్లో మనిషి కూలిపోతాడు. చూసేవాళ్లకి అది అచ్చం గుండెపోటే. చేదు బాదం వాసన వస్తుందంటారు గానీ, ఆ వాసన పట్టే శక్తి పుట్టుకతోనే లేనివాళ్లు ఎందరో. శవపరీక్ష, ల్యాబ్ పరీక్ష తప్ప దారి లేదు.

కొల్లేరు లంకల నుంచి అర్ధరాత్రి ఆటోలో ప్రాణం పోయిన మనిషిని తెస్తారు. చేపల చెరువు కాపలాదారు, నలభై ఏళ్లు, లుంగీ అంచున బురద ఇంకా తడిగానే ఉంది. బావమరిది నా రెండు చేతులూ పట్టుకుని, "గుండెపోటని ఒక్క ముక్క రాసివ్వండి బాబూ, కోయించకండి" అంటాడు. అతని భయం నాకు తెలుసు. మార్చురీ దగ్గర పడిగాపులు, పోలీస్ స్టేషన్ చుట్టూ తిరగడం, పొద్దుపోయేలోగా దహనం చేయలేకపోవడం. అయినా బతికుండగా నేను చూడని మనిషికి చావు కారణం రాయలేను. పోలీసులకు కబురు పంపుతాను.

2020 డిసెంబరులో ఇదే ఏలూరులో వందలమంది ఫిట్స్‌తో పడిపోతే మంగళగిరి ఎయిమ్స్ నుంచి, ఢిల్లీ నుంచి నిపుణులు పరుగెత్తుకొచ్చారు. రక్తంలో సీసం ఉందని తేల్చారు. ఒక్కరోజున వందమంది పడితే దేశం కదులుతుంది; నెలకొకరు, ఊరికొకరు పోతే పక్కవీధి కూడా కదలదు.

ఇంగ్లండులో హెరాల్డ్ షిప్‌మన్ అనే డాక్టరే తన రోగులను చంపాడు. 2000లో 15 హత్యలకు శిక్ష పడింది, తర్వాతి విచారణలో లెక్క 215కి చేరింది. చావు కారణం అతనే రాసేవాడు, అడిగేవాళ్లు లేరు. ఇప్పుడక్కడ ప్రతి మరణ ధ్రువపత్రాన్నీ సంబంధం లేని మరో డాక్టరు సరిచూడాలి. 2024 సెప్టెంబరు నుంచి అది చట్టం. మనకూ అలాంటిది కావాలి. జిల్లాకు ఇద్దరు ముగ్గురు డాక్టర్లను ఆ పనికే పెడితే చాలు, మొదలవుతుంది.

అంతవరకు మీకొక్క మాట. మీ ఇంట్లో నిక్షేపంగా ఉన్న మనిషి ఉన్నట్టుండి పోతే, దుఃఖంలో ఉన్నా సరే, పోస్టుమార్టం చేయించండి. వద్దని తొందరపెట్టేవాళ్లెవరో గుర్తుపెట్టుకోండి.