చేతికి గుర్తున్నది

మా అన్నగారు ముప్పది సంవత్సరములు జమాఖర్చులు వ్రాసిన మనిషి. పక్షవాతము వచ్చిన తరువాత కాలు, చేయి చాలవరకు స్వాధీనమునకు వచ్చినవి. కాని కాఫీ కలుపుట ఎట్లో ఆయనకు తెలియకుండ పోయినది. డికాషను ముందా, పాలు ముందా? గిన్నె పట్టుకొని పొయ్యి ఎదుట నిలిచిపోయెడివారు. "గుర్తు తెచ్చుకో, అన్నయ్యా" అని నేను విసుగుకొనెడివాడను. జ్ఞాపకమే దెబ్బతిన్నవారితో ఆడదగిన మాట కాదది.

పునరావాస చికిత్సకై మా ఇంటికి వచ్చెడి అమ్మాయి ఆ మాట ఒక్కమారైనను అనలేదు. మొదట అన్ని పనులు తానే చేసి, కలిపిన కాఫీని గ్లాసులో పోయుట మాత్రము ఆయనకు విడిచినది. కొన్నాళ్లకు చక్కెర వేసి పోయుట. ఆ తరువాత పాలు. ఇట్లు చివరినుండి వెనుకకు, ఒక్కొక్క మెట్టు. తప్పు చేయనిచ్చి దిద్దుట కాదు, తప్పు జరుగకముందే చేయి అందించుట ఆమె పద్ధతి.

అది చూచుచుండగా జసేట్‌స్కీ అను సోవియట్ సైనికుడు నాకు గుర్తుకు వచ్చినాడు. 1943లో స్మొలెన్‌స్క్ ప్రాంతమున తలకు గుండు తగిలి, అతడు అక్షరములు మరచినాడు. ఒక్కొక్క అక్షరమును తలచుకొనవద్దు, చేయి ఎత్తకుండ మాటంతయు ఒక్కసారిగా వ్రాయుమని ఆస్పత్రిలో చెప్పినారు. చేతికి గుర్తున్నది! వ్రాసినదానిని అతికష్టముమీద తప్ప తానే చదువుకొనలేకయు, ఇరువదియైదేండ్లలో సుమారు మూడువేల పుటలు నింపినాడు. వైద్యుడు లూరియా 1971లో ఆ కథను గ్రంథముగా వెలువరించినాడు. గాయము మాత్రము మానలేదు.

ఐదవ నెలలో ఒక ఉదయము అన్నగారు ఎవరి సాయము లేకుండ కాఫీ కలిపి నా చేతికిచ్చినారు. చక్కెర రెండుమారులు పడినది. మా తమ్ముని పేరుతో నన్ను పిలిచి, "తాగరా" అన్నారు. తాగినాను.