చేదాకు: కూరగా మంచిది, మందుకు బదులు కాదు

ఆఫ్రికా ఖండపు చేదాకు మొక్క గురించి మీలో కొందరైనా ఈ మధ్య వినే ఉంటారు. రోజూ పరగడుపున నాలుగు ఆకులు నమిలితే మధుమేహం మాయమవుతుందని, రక్తపుపోటు దిగుతుందని, క్యాన్సరు దరిచేరదని చెప్పే సందేశాలు వాట్సాప్‌లో తిరుగుతున్నాయి. ఆ మొక్కతో నాకు నలభై ఏళ్ళకు పైబడిన పరిచయం ఉంది. నైజీరియాలో పనిచేసిన రోజుల్లో దానిని తిన్నాను. ఇప్పుడు పెరట్లో పెంచుతున్నాను, వారానికి ఒకసారి వండించుకుని తింటున్నాను. కనుక దానిపై నాకు వైరం ఏమీ లేదని ముందే మనవి చేస్తున్నాను. దాని స్వదేశంలో దానికి ఉన్న స్థానం ఏమిటో, ఎలా పెంచి ఎలా వాడుకోవాలో, దానికి ఏ పని అప్పగించకూడదో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మొక్క పరిచయం

వృక్షశాస్త్రజ్ఞులు దీనిని చాలాకాలం ‘వెర్నోనియా అమిగ్డలినా’ అని పిలిచారు. ఇప్పుడు ‘జిమ్నాంథిమమ్ అమిగ్డలినమ్’ అంటున్నారు. ఆకు బాదం ఆకారంలో ఉండడం వలన అమిగ్డలినా అనే పేరు వచ్చింది. ఇది చామంతి, పొద్దుతిరుగుడుల కుటుంబానికి చెందిన పెద్ద పొద. సాధారణంగా రెండు నుంచి ఐదు మీటర్ల ఎత్తు పెరుగుతుంది. ఉష్ణమండల ఆఫ్రికాలో విస్తారంగా కనిపిస్తుంది. నైజీరియాలో ఇగ్బోలు దీనిని ‘ఒనుగ్బు’ అని, యొరుబాలు ‘ఎవూరో’ అని, హౌసాలు ‘షువాకా’ అని పిలుస్తారు. ఇథియోపియాలో దీని పేరు ‘గ్రావా’. అక్కడ ఇంట్లో కాచే బీరు పాత్రలను ఈ ఆకుతో తోముతారు.

మన నేలపైనా దీనికి దాయాదులు ఉన్నాయి. గట్ల మీద ఊదారంగు పూలు పూసే సహదేవి, కడుపులోని పురుగులకు మన పాత వైద్యంలో వాడే అడవి జీలకర్ర ఒకప్పుడు ఈ వెర్నోనియా ప్రజాతిలోనివే.

ఇగ్బోల వంటింట్లో

చమురు ఆదాయం దండిగా ఉన్న ఆ రోజుల్లో నైజీరియా మన దేశం నుంచి వైద్యులను, ఉపాధ్యాయులను పెద్ద సంఖ్యలో తీసుకునేది. నేను 1981లో డిప్యుటేషన్‌పై వెళ్ళి, అప్పటి అనంబ్రా రాష్ట్రంలోని ఒక చిన్న ఊరి ప్రభుత్వ ఆసుపత్రిలో చేరాను. అక్కడ దాదాపు ప్రతి ఇంటి వెనుక ఈ పొద ఉండేది. మన పెరట్లో కరివేపాకు ఎలాగో వారికి ఇది అలాగ.

మా వార్డు సిస్టరు ఒకావిడ ఒక ఆదివారం నన్ను భోజనానికి పిలిచి, వంట చూపించారు. ఆకులను బల్ల మీద గుడ్డలు ఉతికినట్లు రెండు చేతులతో నలుపుతుంటే పచ్చని నురుగు పొంగింది. ఆ నీరు పారబోసి మళ్ళీ నలిపారు. అలా ఐదారు నీళ్ళు మార్చి, ఆకు కొద్దిగా నోట్లో వేసుకుని చూసి, ‘ఇక చాలు’ అన్నారు. “డాక్టర్, దీన్ని కడగడం రానివాళ్ళకి వండడం రాదు” అని నవ్వారు. ఆ ఆకును ఉడికించి మెదిపిన చేమదుంప, ఎర్రని పామాయిలు, ఎండుచేప, ఎండురొయ్యలతో కలిపి పులుసుగా కాచారు. ఘుమఘుమలాడే ఆ పులుసులో చేదు మిగిలింది కాని, అది కాకరకాయ కూరలో మిగిలే చేదు వంటిదే.

ఆ నురుగుకు కారణం సెపోనిన్లు అనే పదార్థాలు. మన కుంకుడుకాయ నురుగు కూడా ఈ తరగతి పదార్థాల వలన వచ్చేదే. చేదులో ఎక్కువ భాగం సెస్క్విటెర్పీన్ లాక్టోన్లు అనే రసాయనాలది. నీళ్ళు మార్చి కడిగినప్పుడు ఇవి చాలావరకు పోతాయి. మనం కాకరకాయ ముక్కలకు ఉప్పు రాసి పిండడం ఎటువంటిదో ఇదీ అటువంటిదే. తరతరాలుగా దీనిని తింటున్నవారు దీనిని ప్రధానంగా కూరగా, కడిగి, ఉడికించి తింటారు. కడుపునొప్పికి, జ్వరానికి పచ్చిరసం తాగే అలవాటు కూడా వారికి ఉంది. కాని అది అవసరం పడినప్పుడు తాగేది. ఏడాది పొడవునా పరగడుపున పచ్చి ఆకు నమలడం నేనక్కడ ఎవరి ఇంటా చూడలేదు.

పెంచడం, వండడం

ఈ మొక్కను పెంచడం చాలా సులభం. పెన్సిలంత లావున్న ముదురు కొమ్మను జానెడు పొడవున, మూడు నాలుగు కణుపులు ఉండేలా కోయండి. ఆకులు తీసివేసి, రెండు కణుపులు మట్టిలో ఉండేలా ఏటవాలుగా నాటండి. కొమ్మ తలకిందులు కాకుండా చూసుకోండి. తొలకరి రోజులు దీనికి అనుకూలం. మట్టిలో చివికిన పశువుల ఎరువు కలిపితే చాలు. తగినంత ఎండ తగలాలి, మొదట్లో నీరు నిలవకూడదు. వేళ్ళు పట్టిన తర్వాత ఎండలకు బాగానే తట్టుకుంటుంది. పెద్ద కుండీలో కూడా పెరుగుతుంది. నిలువెత్తు దాటకుండా కొమ్మలు కత్తిరిస్తూ ఉంటే లేత ఆకులు గుబురుగా వస్తాయి. మా పెరట్లో అప్పుడప్పుడు పిండినల్లి పడుతుంది. నీటిని వేగంగా చిమ్మి కడిగివేస్తాను. తినే ఆకు కనుక పురుగుమందు చల్లను.

కామెరూన్‌లో ఇదే జాతి ఆకును వేరుసెనగ ముద్దతో కలిపి ‘ఎన్‌డోలే’ అనే వంటకం చేస్తారు. మా ఇంట్లో ఆ పద్ధతినే మన రుచికి మార్చుకున్నాము. ఆకును నలిపి ఐదారు నీళ్ళలో కడిగి, ఉడికించి, నీరు పిండివేస్తాము. దానిని పెసరపప్పుతో కలిపి, వేయించిన వేరుసెనగ పొడి, వెల్లుల్లి తాలింపు వేస్తాము. అన్నంలోకి, జొన్న రొట్టెలోకి బాగుంటుంది. పీచుపదార్థం, ఖనిజ లవణాలు గల ఆకుకూరగా దీనిని తినడంలో ఆరోగ్యవంతులకు అభ్యంతరం ఉండనవసరం లేదు.

వైద్యగుణాల మాట

దీనిలో వైద్యగుణాలు లేవని నేను చెప్పడం లేదు. 1987లో టాంజానియాలోని మహాలే పర్వతాలలో మైకేల్ హఫ్‌మన్ అనే పరిశోధకుడు, స్థానిక టోంగ్వే తెగకు చెందిన మూలికావైద్యుడు మొహమెది సైఫు కలుండే కలిసి చౌసికు అనే ఆడ చింపాంజీని గమనించారు. అది జబ్బుతో నీరసించి ఉంది. అది ఈ మొక్క కొమ్మను విరిచి, ఆకులు, బెరడు తొలగించి, లోపలి బెండును నమిలి రసం మింగి, పిప్పి ఉమ్మివేసింది. మరునాటికి అది తేరుకుంది. ఆ తర్వాతి పరిశోధనలు ఈ అలవాటుకు, చింపాంజీల పేగులలోని పురుగులకు సంబంధం ఉన్నదని సూచించాయి. ఇందులో నన్ను ఆకట్టుకున్న విషయం మరొకటి ఉంది. విషగుణం గల వెర్నోడాలిన్ అనే రసాయనం ఎక్కువగా ఉండేది ఆకులలో, బెరడులో. ఆ మృగం వాటిని వదలి, బెండును మాత్రమే, అదీ జబ్బు చేసినప్పుడే, కొద్దిగానే వాడుకుంది. ఏ భాగం, ఎంత, ఎప్పుడు అనే మూడు ప్రశ్నలు వైద్యానికి మూలం. మన ఫోన్లకు వచ్చే సందేశాలలో ఆ మూడూ ఉండవు.

క్యాన్సరు మాటకు కూడా ఒక ఆధారం ఉంది. 1969లో కుప్‌చాన్ బృందం ఈ మొక్క నుంచి వెర్నోడాలిన్‌ను, మరొక పదార్థాన్ని వేరుచేసి, అవి ప్రయోగశాలలో కణాలను చంపగలవని చూపింది. గాజుపాత్రలోని కణాన్ని చంపడం వేరు, మనిషికి హాని చేయకుండా అతని వ్యాధిని నయం చేయడం వేరు. మధుమేహం విషయంలో 1992లో నైజీరియా శాస్త్రజ్ఞులు ఈ ఆకు సారం కుందేళ్ళలో రక్తపు చక్కెరను తగ్గించినట్లు ప్రచురించారు. ఎలుకలపై కూడా అటువంటి ఫలితాలు వచ్చాయి. మనుషులపై జరిగిన పరిశీలనలు చిన్నవి, కొద్దికాలానివి. వాటిని చూసి మాత్రలు మానవచ్చునని ఏ వైద్యుడూ చెప్పలేడు.

మలేరియాపై జరిగిన ఒక పరిశీలన మనకు గొప్ప పాఠం చెబుతుంది. ఉగాండాలో తీవ్రత లేని మలేరియా రోగులకు ఈ మొక్కతో చేసిన సాంప్రదాయిక ఔషధాన్ని ఇచ్చి, ఫలితాలను 2009లో ప్రచురించారు. పదునాలుగవ రోజుకు 67 శాతం మందిలో తగినంత గుణం కనిపించింది. కాని వారిలో పరాన్నజీవులు రక్తం నుంచి పూర్తిగా తొలగినది 32 శాతం మందికే. అలా తొలగినవారిలో కూడా 71 శాతం మందికి అవి తిరగబెట్టాయి. అంటే జ్వరం తగ్గింది, జబ్బు మిగిలింది. అనంబ్రాలో నేను ఇటువంటివారిని చూశాను. ఆకురసంతో జ్వరం తగ్గిందని బిడ్డను ఇంట్లో ఉంచేవారు. వారం తర్వాత ఆ బిడ్డ పాలిపోయి, తీవ్రమైన రక్తహీనతతో వార్డుకు వచ్చేది. ఉపశమనం వేరు, నయం కావడం వేరు.

ఒక మాష్టారి కాలివ్రేలు

మా ఊరిలో పదకొండేళ్ళుగా మధుమేహం ఉన్న ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు నాకు పరిచయస్థులు. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ మాత్రలతో ఆయన చక్కెర చక్కగా అదుపులో ఉండేది. మూడు నెలల సగటు చక్కెరను తెలిపే హీమోగ్లోబిన్ ఏ1సీ 7.1 ఉండేది. ఆయన ఎవరి సలహాపైనో చేదాకు మొదలుపెట్టి, మాత్రలు మానివేశారు. నాకు చెప్పలేదు. ఐదు నెలల తర్వాత కొత్త చెప్పు ఒరిసి ఎడమకాలి చిటికెనవ్రేలికి పుండుపడింది. తిమ్మిరి వలన నొప్పి తెలియలేదు. వాసన వచ్చిన తర్వాత నా వద్దకు వచ్చారు. ఏ1సీ 11.4కు చేరింది. ఆ వ్రేలు తీసివేయవలసి వచ్చింది.

“ఒంట్లో చాలా హుషారుగా ఉండేది డాక్టర్ గారూ. చేదు తీపిని విరిచేస్తుంది కదా అనుకున్నాను” అన్నారు ఆయన.

ఆ మాట వెనుక ఉన్న నమ్మకం మనందరిలోనూ ఉంది. ఉగాది పచ్చడి నాటి నుంచి చేదు ఆరోగ్యమని వింటూ పెరిగాము. కాని నాలుకకు తెలిసే చేదుకు, రక్తంలోని గ్లూకోజుకు అటువంటి ఎదురు సంబంధమేదీ లేదు. చక్కెర రెండు వందల యాభై ఉన్నప్పటికీ చాలామందికి ఏ బాధా తెలియదు. హుషారును చూసి చక్కెరను అంచనా వేయలేము. రక్తపరీక్ష ఒక్కటే చెప్పగలదు.

నేను ఆయనను ఆకు మానమనలేదు. “మాష్టారూ, కూరగా తినండి. మాత్రలు మాత్రం నేను చెప్పకుండా మానకండి” అన్నాను. ఇప్పుడు ఆయన రెండూ చేస్తున్నారు, పరీక్షలూ చేయించుకుంటున్నారు.

మాత్ర కూడా మొక్క బిడ్డే

మాష్టారు మానివేసిన మెట్‌ఫార్మిన్ మూలం కూడా ఒక మొక్కలోనే ఉంది. ఐరోపాలో గలేగా అఫిసినాలిస్ అనే మొక్కను వెనుకటి రోజుల్లో నాటువైద్యంలో వాడేవారు. దానిలోని గెలీజిన్ చక్కెరను తగ్గించేది కాని, విషగుణం కలది. ఆ దారిలో వెతికిన రసాయన శాస్త్రజ్ఞులు దాని బంధువర్గంలోని మెట్‌ఫార్మిన్‌ను తయారుచేశారు. 1957లో ఫ్రాన్సులో జాన్ స్టెర్న్ దానిని మధుమేహ రోగులకు వాడిన అనుభవాన్ని ప్రచురించారు. అప్పటి నుంచి కోట్లమంది వాడారు. ఎంత ఇవ్వాలో, ఎవరికి ఇవ్వకూడదో, మూత్రపిండాలు దెబ్బతింటే ఎప్పుడు ఆపాలో మనకు తెలుసు. మడగాస్కర్ నుంచి వచ్చి మన వాకిళ్ళలో పూసే బిళ్ళగన్నేరు కథ కూడా ఇదే. దాని నుంచి తీసిన విన్‌క్రిస్టీన్ రక్తపు క్యాన్సరు ఉన్న పిల్లలను కాపాడుతున్నది. అలాగని బిళ్ళగన్నేరు ఆకు నమిలి ఎవరూ ఆ వ్యాధిని నయం చేసుకోలేరు. మొక్కకు, మందుకు నడుమ ఉన్నది మోతాదు, పరీక్ష, సంవత్సరాల పరిశ్రమ. చేదాకు ఇంకా ఆ దారిలో చాలా దూరం నడవవలసి ఉంది.

జాగ్రత్తలు

చేదాకు వాడదలచుకుంటే ఈ విషయాలు గుర్తుంచుకోండి.

నమ్మకమైన చోట గుర్తించిన మొక్కనే తెచ్చుకోండి. ‘ఇన్సులిన్ మొక్క’ అని అమ్మేది వేరు, దక్షిణ అమెరికాకు చెందినది. పేరులో ఇన్సులిన్ ఉన్నంత మాత్రాన దానిలో ఇన్సులిన్ ఉండదు.

కడిగి, ఉడికించి కూరగా తినండి. పచ్చిరసం, పొడులు, గొట్టాలలో అమ్మే సారం రోజూ తీసుకోకండి.

ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ వంటివి వాడేవారు దీనితో పాటు చక్కెర మరీ పడిపోయే అవకాశాన్ని గుర్తుంచుకోవాలి. చెమటలు, వణుకు, గుండెదడ, తికమక కలిగితే వెంటనే చక్కెర కలిపిన నీళ్ళు తాగి, వైద్యునికి తెలపాలి.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కాలేయ, మూత్రపిండ వ్యాధులు గలవారు దీనిని మందుగా వాడకూడదు. ఇన్సులిన్‌పై ఆధారపడిన పిల్లలకు ఒక్కరోజు కూడా ఇన్సులిన్ మానరాదు. అది ప్రాణాపాయం.

జ్వరం వస్తే రక్తపరీక్ష చేయించుకోండి. మలేరియా అయితే పూర్తి చికిత్స తీసుకోండి.

అన్నిటికంటే ముఖ్యమైనది, మీరు వాడుతున్న ఆకు, కషాయం, పొడి ఏదైనా సరే, మీ వైద్యునికి దాచకుండా చెప్పండి. వైద్యుడు కోప్పడతాడనే భయంతో దాచినవారిని నేను నా ఉద్యోగ జీవితంలో ఎందరినో చూశాను. వైద్యులుగా పనిచేస్తున్న నా తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు కూడా ఒక విన్నపం. రోగి ఆకు మాట ఎత్తగానే విసుక్కోకండి. ఏమి తింటున్నారో, ఎంత తింటున్నారో, దాని కోసం ఏ మాత్ర మానివేశారో ఓపికగా అడగండి. మాష్టారిని ఎవరైనా ఐదు నెలల ముందు ఆ చివరి ప్రశ్న అడిగి ఉంటే, ఆయన కాలికి ఈనాడు ఐదు వ్రేళ్ళూ ఉండేవి.