కంప బొగ్గు మీద పొట్టేలు

అమెరికాలోని టెక్సాస్‌లో ‘మెస్కీట్’ అనే కట్టెను ముక్కలుగా నరికి, సంచుల్లో కట్టి అమ్ముతారు. పెరట్లో గ్రిల్లు పెట్టి మాంసం కాల్చుకునేవాళ్లు ఆ పొగ రుచి కోసం డాలర్లు పోసి కొంటారు. డల్లాస్ చుట్టుపక్కల స్థిరపడిన మనవాళ్లూ కొంటారు. ఆ మెస్కీట్‌కు దాయాది అయిన చెట్టు ధర్మవరం, పెనుకొండ, హిందూపురం దార్ల వెంట ఎవరూ నాటకుండానే మొలిచి కూర్చుంది. దాని పేరు సర్కారు తుమ్మ. విసుగొచ్చినప్పుడు ఉత్త కంప. అక్కడ డబ్బిచ్చి ఇంటికి తెచ్చుకుంటారు, ఇక్కడ డబ్బిచ్చి జేసీబీతో పీకిస్తారు.

ఈ కంప మన నేల చెట్టు కాదు. వంటచెరకు కరువు తీరుతుందని మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ అధికారులు విత్తనాలు తెప్పించి 1877లో కడప ప్రాంతంలో నాటించారు. ఆ తర్వాత పని గొర్రెలు, మేకలు చూసుకున్నాయి. తియ్యగా ఉండే కాయల్ని అవి తింటాయి. గట్టి గింజ అరగక పెంటికల్లో బయటపడి, పడినచోటే మొలుస్తుంది. వానలు అంతంతమాత్రంగా పడే ఈ సీమలో ఆ చెట్టుకు ఎదురే లేకపోయింది. పొట్టేలు తిన్న కాయే చెట్టయింది, ఆ చెట్టే పొట్టేలును కాల్చే బొగ్గయింది.

కాబట్టి ఎండాకాలం సాయంత్రం నలుగురిని పిలిచి బార్బెక్యూ చేయాలనుకున్న హిందూపురం గృహస్థు బెంగుళూరు మాల్‌కు పరుగెత్తనక్కర్లేదు. బట్టీల్లో కాల్చిన బొగ్గు ఎక్కడ దొరుకుతుందో ఇస్త్రీ బండి ఆయన్ను అడిగితే చెబుతాడు. పదిమందికి రెండున్నర కిలోల మాంసం, నాలుగు కిలోల బొగ్గు ధారాళంగా సరిపోతాయి. పొయ్యి కూడా కొనాల్సిన పని లేదు. మిద్దె మీద ఇసుక మందంగా పరిచి, మూడు వైపులా ఇటుకలు పేర్చి, పైన ఇనుప జాలీ వేస్తే చాలు. ఇసుక లేకుండా నేరుగా శ్లాబు మీద నిప్పు పెడితే సిమెంటు పెచ్చులు లేస్తుంది. జాలీకి జస్తా పూత ఉండకూడదు. బాగా కాగినప్పుడు ఆ పూత నుంచి వచ్చే పొగ ఒంటికి మంచిది కాదు. స్టీలుదైతే నిశ్చింత.

అసలు విద్యంతా నిప్పు దగ్గరే ఉంది. కొత్తగా చేసేవాళ్లు మంట లేవగానే మాంసం పెట్టేస్తారు. పైన మసి, లోపల పచ్చి. బొగ్గు అంటించడానికి కిరసనాయిలు, పెట్రోలు దగ్గరికి రానివ్వకూడదు. ప్రమాదం మాట అటుంచి, ఆ వాసన ముక్కకు పట్టేస్తుంది. వేరుశనగ పండే ఈ ప్రాంతంలో కాయల పొట్టుకు కొదవ లేదు. గుప్పెడు పొట్టు, కాస్త కొబ్బరి పీచు అడుగున పెడితే చక్కగా రాజుకుంటుంది. అరగంట ఆగితే మంట చచ్చి, బొగ్గు మీద తెల్లటి నివురు కడుతుంది. అప్పుడు మొదలుపెట్టాలి. జాలీకి జానెడు ఎత్తున అరచెయ్యి పెట్టి చూస్తే రెండు మూడు లెక్కపెట్టేసరికి చెయ్యి తీయాల్సివస్తే సెగ ఎక్కువ. ఐదారు దాకా ఓర్చుకోగలిగితే మధ్యస్థం.

నిప్పుల్ని పొయ్యి అంతటా పరచకుండా ఒక పక్కకు పోగు చేయడం రెండో మెళకువ. నిప్పుల వైపు ముక్క ఎర్రబడుతుంది, ఖాళీ వైపు నిదానంగా ఉడుకుతుంది. కొవ్వు కారి మంట ఎగసినప్పుడు చాలామంది నీళ్లు చల్లుతారు, బూడిదంతా లేచి మాంసం మీద పడుతుంది. ముక్కను ఖాళీ వైపు జరిపితే మంట దానంతటదే తగ్గుతుంది. పొగ రుచి కావాలంటే బాగా ఎండిన కంపకట్టె ముక్క ఒకటి నిప్పుల మీద వేస్తే చాలు. దాని పొగ ఘాటైనది. పచ్చికట్టె వేస్తే చేదెక్కుతుంది.

ఇక మాంసం. మన అంగళ్లలో కొట్టేది పులుసు ముక్క. ఎముకతో, మందంగా, గంటసేపు ఉడకడానికి తయారైన ముక్క అది. నిప్పు మీదికి పనికిరాదు. లేత పొట్టేలు తొడ నుంచి ఎముక లేకుండా, పీచుకు అడ్డంగా, వేలెడు మందం మించకుండా కోయమని ముందే చెప్పుకోవాలి. ఉప్పు ముందు రాత్రే పట్టించాలి. కిలోకు ఒక చెంచా పచ్చి బొప్పాయి ముద్ద కలిపితే రెండు గంటల్లో మెత్తబడుతుంది. రాత్రంతా వదిలేస్తే మాత్రం ముక్క పిండిపిండి అవుతుంది. కోడిలో రొమ్ము కంటే తొడ మేలు, త్వరగా ఎండిపోదు. నాటుకోడిని పులుసుకే వదిలేయడం మంచిది. కోడి మాంసం లోపల 74 డిగ్రీల సెల్సియస్ వేడి తగలాలి. థర్మామీటరు లేకపోతే ఎముక దగ్గర కోసి చూడాలి. ఎరుపు కనిపిస్తే మళ్లీ జాలీ ఎక్కాల్సిందే.

అమెరికా బార్బెక్యూ సాసులో ఉండేది పులుపు, తీపి, కారం. హిందూపురం మార్కెట్టుకు పేరు తెచ్చినవి చింతపండు, బెల్లం. చిక్కటి చింతపండు గుజ్జులో బెల్లం కరిగించి, ఎండుమిరప కారం, వెల్లుల్లి వేసి దగ్గరికి ఉడికిస్తే ఇంట్లోనే సాసు తయారు. దీన్ని మొదటే పూస్తే బెల్లం మాడి నల్లబడుతుంది. దించడానికి రెండు మూడు నిమిషాల ముందు పూయాలి.

నిప్పు మీద మాంసం ఈ నేలకు నిన్న మొన్న వచ్చింది కాదు. కళ్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడి పేర వెలసిన 12వ శతాబ్దపు ‘మానసోల్లాసం’లో మాంసాన్ని కాల్చి వండే పద్ధతులున్నాయి. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, వీధి వీధినా అమ్మే గొర్రె మాంసం గురించి, దాని కొవ్వు గురించి ముచ్చటపడి రాసుకున్నాడు. 1565 యుద్ధం తర్వాత ఆ రాజ్యం రాజధాని పెనుకొండకే తరలివచ్చింది.

పెనుకొండకు ఈ మధ్య మరో దేశపు నిప్పు కూడా వచ్చింది. ఎర్రమంచి దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీకి 2017లో ఒప్పందం కుదిరి, 2019లో కార్లు బయటికొచ్చాయి. వాటితోపాటు కొరియా ఉద్యోగులు, వాళ్ల కోసం కొరియా భోజనశాలలూ వచ్చాయి. కొరియావాళ్ల పద్ధతిలో పొయ్యి బల్ల మధ్యలోనే ఉంటుంది. మాంసాన్ని పల్చగా కోస్తారు, బల్ల దగ్గరే కాలుస్తారు, కత్తెరతో ముక్కలు చేసి ఆకులో చుట్టుకుని తింటారు. ఇందులో విందు చేసేవాళ్లకు పనికొచ్చే సంగతి ఒకటుంది. పల్చటి ముక్క నిమిషాల్లో కాలుతుంది కాబట్టి ఒక మనిషి రెండు గంటలు సెగలో నిలబడే బాధ తప్పుతుంది. ఎవరి ముక్క వాళ్లే తిప్పుకుంటారు. మాటలూ అక్కడే సాగుతాయి.

పుట్టపర్తి ఉన్న జిల్లాలో శాకాహార అతిథులు తప్పక ఉంటారు. వాళ్లకు వేరే జాలీ, వేరే పటకారు పెట్టి, వాళ్లవే ముందు కాల్చడం మర్యాద. వంకాయ, గెనుసుగడ్డ, తొక్క తీయని ఉల్లిగడ్డ, మొక్కజొన్న కంకి దేనికదే నిప్పుల్లో మగ్గుతుంది. బోరు కింద వేసిన వేరుశనగ ఏప్రిల్, మే నెలల్లో పీకుతారు. ఆ పచ్చి శనక్కాయల్ని చిల్లుల పళ్లెంలో కాలిస్తే పిల్లలు మాంసం వైపు చూడరు. పక్కన రాగి సంగటి, ఊరిబిండి, మజ్జిగ ఉంటే రొట్టెల ఊసు ఎవరూ ఎత్తరు.

వేళ విషయంలో మూడు ఊళ్లకూ ఒకే లెక్క కుదరదు. హిందూపురం సముద్రమట్టానికి సుమారు 620 మీటర్ల ఎత్తులో ఉంది, ధర్మవరం 345 మీటర్ల దగ్గరే. హిందూపురంలో పొద్దు వాలగానే నిప్పు రాజేయొచ్చు. ధర్మవరంలో మిద్దె మీద నీళ్లు చల్లి, శ్లాబు సెగ దిగేదాకా ఆగాలి. మే నెలలో వాన ముందు గాలిదుమారం హఠాత్తుగా లేస్తుంది. దగ్గర్లో వేరుశనగ కట్టె వామి ఉంటే ఆ రోజు విందు వాయిదా వేయాల్సిందే. గాలి ఎక్కువైందని పొయ్యిని గదిలోకి మార్చడం అంతకంటే ప్రమాదం. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. మసాలా పట్టించిన మాంసాన్ని చివరి నిమిషం దాకా ఫ్రిజ్‌లోనే ఉంచాలి. 32 డిగ్రీలు దాటిన వేడిలో పచ్చి మాంసమైనా, వండినదైనా గంటకు మించి బయట ఉండకూడదు. పచ్చి మాంసం తెచ్చిన పళ్లెంలోనే కాల్చింది వడ్డించకూడదు.

అందరూ లేచాక నిప్పుల సంగతి చూడాలి. పైకి చల్లారినట్టు కనిపించే బూడిదలో నిప్పు మర్నాటి దాకా బతికే ఉంటుంది, దాన్ని చెత్తకుండీలో పోస్తే వీధి వీధంతా పరుగులు పెట్టాలి. మిగిలిన నిప్పుల్ని ఇనుప బకెట్లోకి ఎత్తి గట్టిగా మూత పెడితే గాలి అందక ఆరిపోతాయి. ఆ బొగ్గు వచ్చే ఆదివారం కొత్తదానికంటే త్వరగా అంటుకుంటుంది. తొందరపడి నీళ్లు పోసేసినా నష్టమేమీ లేదు, రెండు రోజులు ఎండలో ఆరబెడితే సరి. ఎండకు అనంతపురం సీమలో ఎప్పుడూ లోటు రాలేదు.