పాదాల కింది తుప్పు

లోహాలలో ఇనుముది విలక్షణమైన స్వభావం. బంగారం భూగర్భంలోనూ బంగారంగానే లభిస్తుంది. ఇనుము అట్లా కాదు. అది ప్రాణవాయువుతో కలిసి ఎర్రని రాయిగా, మన్నుగా పడి ఉంటుంది. మనుష్యుడు బొగ్గునూ అగ్నినీ సాధనంగా చేసికొని దానిని లోహంగా నిలబెడతాడు. గాలి, నీరు రెండూ కలిసి సోకితే చాలు, ఆ లోహం మరల తన పూర్వరూపానికి పయనమవుతుంది. ఈ తిరుగు ప్రయాణానికే తుప్పు అని పేరు. కనుక తుప్పును బయటి శత్రువుగా తలచడం కన్నా, సాధన సడలిన చోట తలయెత్తే పూర్వవాసనగా గ్రహించడం యుక్తం.

ఉత్తర తెలంగాణకు ఈ లోహరహస్యం కొత్తది కాదు. ఒకనాడు కోనసముద్రంలో మూసలలో కరగించి తీసిన ఉక్కు కోసం పారసీక వర్తకులు వచ్చేవారు. నిర్మల్ ఖడ్గాలకు ప్రసిద్ధి పొందింది. కరీంనగర్, ఆదిలాబాదు ప్రాంతాల పల్లె శివార్లలో పాత కొలుముల చిట్టెం నేటికీ కనిపిస్తుంది. ఆ చిట్టేన్ని సైతం ఆయుర్వేదం త్రోసిపుచ్చలేదు. నూరేండ్లు దాటిన లోహకిట్టం శ్రేష్ఠమని చెప్పి, దానిని శుద్ధి చేసి, మండూర భస్మంగా పాండురోగులకు ఇచ్చింది.

అటువంటి నేల మీద, కరీంనగర్‌లో, ఉద్యోగ విరమణ చేసిన ఒక సంస్కృతోపాధ్యాయుని ముంగిట తండ్రి విడిచిపోయిన అంబాసిడర్ కారు ఉన్నది. 1984లో కొన్నది. తండ్రి గతించిన ఏడు, ఆదిలాబాదులో స్థిరపడిన తమ్ముడు ఆ బండిని అడిగాడు. "పెద్దకొడుకు ఇంట్లనే ఉండాలె" అని అన్న ఒక్క మాటతో తేల్చివేశాడు. అటుపై నాలుగేండ్లుగా వారి నడుమ పండుగ పలకరింపులే తప్ప మనసిచ్చిన మాట లేదు. ఆయన మాత్రం ప్రతి ఆదివారం బండిని కడిగి, తుడిచి, మెరుగు పెట్టేవాడు. లోపల మందమైన రబ్బరు మ్యాటు పరచాడు. దానిని ఏనాడూ ఎత్తి చూడలేదు.

మహాలయ పక్షంలో ధర్మపురికి వెళ్లి గోదావరీ తీరాన తండ్రికి పిండప్రదానం చేయాలని సంకల్పం. ఆ ఏడు శ్రావణమంతా వాన. ఒక ఉదయం కారు తలుపు తీయగానే ముక్కవాసన వచ్చింది. మ్యాటు ఎత్తితే నేలంతా ఎర్రటి పొడి. వ్రేలితో రాస్తే అంటుకొన్నది.

అంబాసిడర్‌కు లారీకి వలె వేరుగా ఛాసిస్ లేదు. నేల, ప్రక్కలు, పైకప్పు ఒకదానితో ఒకటి అతుక్కొని తామే భారం మోస్తాయి. నేల తూట్లు పడితే బండికే బలం పోతుంది. ఉత్తరపారా కర్మాగారంలో ఆ కార్ల తయారీ 2014లోనే ఆగిపోయింది. ఇంటివారు పాత ఇనుము కింద అమ్మివేయమన్నారు.

మిస్త్రీ వచ్చి స్క్రూడ్రైవర్ పిడితో అంగుళం అంగుళం తట్టాడు. మొనతో గట్టిగా నొక్కాడు. ఎక్కడా దిగలేదు. "పైపైన్నే పట్టింది సారూ, రేకు గట్టిగనే ఉన్నది. ఇంకో రెండు వానకాలాలు ఇట్లనే కప్పి ఉంచితే జల్లెడయ్యేది" అన్నాడు. పిదప ఒక ప్రశ్న వేశాడు: "నీళ్లు ఏడికెళ్లి వస్తున్నయో చూసిండ్రా?"

చూడలేదు. బక్కెట్టుతో నీళ్లు పోయగా తెలిసింది: ముందు అద్దం చుట్టూ ఉన్న రబ్బరు పగిలింది. నేలలోని నీరు జారిపోయే రంధ్రాలు మట్టితో పూడుకున్నాయి. వచ్చిన నీటికి పోయే దారి లేదు; మ్యాటు వలన ఆరే అవకాశమూ లేదు. ఆరుబయట తడిసిన ఇనుము ఎండకు ఎండుతుంది. కప్పిన ఇనుము ఎండదు.

ఆ రాత్రి ఆయనకు తాను ఏండ్ల తరబడి బోధించిన ఛాందోగ్యం స్ఫురించింది. ఉద్దాలకుడు శ్వేతకేతువుకు చెప్పిన దృష్టాంతాలలో మట్టి, బంగారం తరువాత మూడవది ఇనుమే. గోళ్లు తీసే చిన్న పనిముట్టు తత్త్వం తెలిస్తే ఇనుప వస్తువులన్నిటి తత్త్వమూ తెలుస్తుందని దాని భావం. ఎందరికో వివరించాడు; తన పాదాల కింది ఇనుము చెప్పేది వినలేదు. పైన మెరుగు పెట్టాడు, కింద తడిని కప్పిపెట్టాడు. ఇది బండి సంగతి ఒక్కటే కాదని ఆయనకు స్పష్టమైంది.

తెల్లవారి ఫోను చేశాడు. "తమ్మీ, బాపు బండి కింద తుప్పు పట్టింది. తప్పు నాదే. వచ్చి జర చేయి సాయం జేస్తవా?"

కొంతసేపు నిశ్శబ్దం. "శనివారం వస్తనన్నా."

మొదట అద్దం రబ్బరు మార్పించారు. నీటి రాక ఆగనిదే తక్కిన శ్రమ అంతా వ్యర్థం. సీట్లు తీసి, రంధ్రాలు పొడిచి, ఎండ కాసిన రోజు చూసి నేలను ఆరబెట్టారు. జిడ్డు తుడిచి, వైర్ బ్రష్‌తో, పిదప ఎమరీ పేపరుతో తెల్లని లోహం కనబడేదాకా రుద్దారు. బ్రష్ చేరని సన్నని గుంటలలో, చేతులకు గ్లవుజులు తొడిగి, ఫాస్ఫారిక్ ఆమ్లపు ద్రావణం పూశారు. మిగిలిన తుప్పును అది నల్లని ఫాస్ఫేటు పొరగా మార్చింది. ఆరాక తుడిచి, అదే రోజు రెడ్ ఆక్సైడ్ పూశారు. వానకాలపు గాలిలో బోసిగా విడిచిన ఇనుము తెల్లవారేసరికి మరల ఎర్రబారుతుంది.

ఇక్కడ ఒక వింత గమనించదగినది. ఆ రెడ్ ఆక్సైడులోని ఎరుపు కూడా ఇనుము ఆక్సైడే, అంటే తుప్పు జాతిదే. ఢిల్లీ మెహ్రౌలీలోని ఇనుప స్తంభం, చంద్రుడనే రాజు విష్ణుధ్వజంగా నిలిపినదని శాసనం చెప్పేది, సుమారు 1600 ఏండ్లుగా నిలిచి ఉన్నది. దాని ఇనుములో భాస్వరం అధికం. అందువలన పుట్టిన పలుచని పొర దానికి రక్షణ అయిందని కాన్పూరు ఐఐటీ ఆచార్యులు ఆర్. బాలసుబ్రమణ్యం వివరించారు. ఆ స్తంభానికీ తుప్పు పట్టింది. అయితే అది గట్టిగా అంటి కవచమైంది. పొడిపొడిగా రాలే తుప్పు క్షయమవుతుంది. బంధానికీ మోక్షానికీ ఒకే మనస్సు కారణమనే వేదాంతుల నిర్ణయం ఈ లోహంలో ప్రత్యక్షం.

రెండవనాడు ఎమరీ పేపరుతో రుద్దుతూనే తమ్ముడు తల ఎత్తకుండా అన్నాడు: "నాకు కావలసింది బండి గాదన్నా. ఆనాడు నువ్వు నా మొకం చూడకుంట జవాబు జెప్పినవ్."

అన్న సమర్థించుకొనలేదు. "అవును" అన్నాడు. కొంతసేపు ఇద్దరి చేతుల చప్పుడే వినిపించింది.

అమావాస్యనాడు అన్నదమ్ములు ఆ బండిలోనే జగిత్యాల మీదుగా ధర్మపురి చేరారు. తిలోదకాలు విడిచి, లక్ష్మీనరసింహుని సేవించారు. బండి ఎవరిదో ఇంకా తేలలేదు. ఆ మాట వారి మధ్య మిగిలే ఉన్నది. మ్యాటును మాత్రం అతికించకుండా వదులుగా పరిచారు. నెలకొకసారి ఎత్తి చూడాలని నియమం పెట్టుకొన్నారు.

సాధకుడు గ్రహించవలసింది ఈ క్రమమే. చిత్తమలం పైపైన ఉన్నప్పుడే తెరచి చూడాలి. తడి ఎక్కడి నుండి వస్తున్నదో వెదకాలి. గీకకుండా రంగు పూయరాదు. జపమూ పూజా మెరుగు పెట్టినంతమాత్రాన లోపలి తడి ఆరదు. తట్టి చూస్తే లోహం ఇంకా గట్టిగానే పలుకుతుంది. ఆ నాదం వినిపించే కాలంలోనే పని మొదలుపెట్టడం శ్రేయస్కరం.